బైబ్యాక్ సంగతి తర్వాత, ముందు ఆఫర్ లెటర్ల బాకీ తీర్చండి: ఐటీ కంపెనీల బోర్డులకు బహిరంగ లేఖ

ఇన్ఫోసిస్, టీసీఎస్, విప్రో సహా దేశంలోని పెద్ద ఐటీ సేవల కంపెనీల డైరెక్టర్ల బోర్డులకు,

విషయం: మీ దగ్గర పోగుపడిన మిగులు నగదులో మొదటి హక్కు ఎవరిదన్న సంగతి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ ప్లేస్‌మెంట్ సెల్ కూడా చూసుకుంటాను. మీ ఉద్యోగాల వల్ల మా చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో కుటుంబాలు అప్పుల్లోంచి బయటపడ్డాయి. అది మర్చిపోయి ఈ లేఖ రాయడం లేదు.

బహిరంగంగా ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెబుతాను. ఒక కంపెనీ మా విద్యార్థులకు ఆఫర్ లెటర్లు ఇచ్చి, జాయినింగ్ డేట్ మాత్రం చెప్పకుండా ఏడాది దాటించింది. దాని పేరు రాయను. మీలో ఒకరా కాదా అన్నది కూడా చెప్పను. మెయిళ్లు పెట్టాం. ప్రతిదానికీ ఒకటే జవాబు: బిజినెస్ రిక్వైర్‌మెంట్ బట్టి తెలియజేస్తాం, ఓపిక పట్టినందుకు ధన్యవాదాలు. కొన్నాళ్లకు హెచ్ఆర్ వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ కంపెనీ షేర్లు నా పేరున కొద్దిగా ఉన్నాయి కాబట్టి, వాటాదారుల వార్షిక సమావేశంలోనే అడుగుదామని పేరు నమోదు చేసుకున్నాను. ఆన్‌లైన్ మీటింగ్. నా వంతు రాకుండానే ముగించేశారు. ప్రశ్న రాసి పంపితే సంబంధిత విభాగానికి పంపించామన్నారు. ఆ సంబంధిత విభాగం మళ్లీ ఆ హెచ్ఆరే.

ఇక అసలు విషయానికి వస్తాను.

మీ దగ్గర డబ్బుంది. చాలా ఉంది. ఇన్ఫోసిస్‌నే తీసుకుందాం, ఎందుకంటే ఆ కంపెనీ తన లెక్కల్ని అందరికన్నా విప్పి చెబుతుంది, అందుకు మెచ్చుకోవాలి కూడా. 1981లో పుణెలో 10,000 రూపాయల పెట్టుబడితో ఏడుగురు మొదలుపెట్టిన సంస్థ అది. 2024-25లో దాని ఆదాయం 1,62,990 కోట్లు, నికర లాభం 26,713 కోట్లు. ఖర్చులన్నీ పోగా చేతిలో మిగిలిన నగదు ఆ ఒక్క ఏడాదే 400 కోట్ల డాలర్లు దాటింది. 2025 నుంచి 2029 వరకు ఐదు ఆర్థిక సంవత్సరాల్లో అలా మిగిలే నగదులో సుమారు 85 శాతాన్ని డివిడెండ్లు, బైబ్యాక్‌ల రూపంలో వాటాదారులకే ఇచ్చేస్తామని కంపెనీ విధానంగా ప్రకటించింది.

బైబ్యాక్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో: కంపెనీ తన షేర్లను తానే, సాధారణంగా మార్కెట్ ధర కన్నా ఎక్కువిచ్చి, వెనక్కి కొని రద్దు చేస్తుంది. షేర్ల సంఖ్య తగ్గుతుంది, మిగిలినవాళ్ల వాటా ఆ మేరకు పెరుగుతుంది. ఇన్ఫోసిస్ తన చరిత్రలో మొట్టమొదటి బైబ్యాక్‌కి 2017 ఆగస్టులో, సీఈఓ విశాల్ సిక్కా రాజీనామా చేసిన మర్నాడు, బోర్డు ఆమోదం ఇచ్చింది. షేరు 1,150 రూపాయల చొప్పున 13,000 కోట్లు. తర్వాత 2019లో 8,260 కోట్లు, 2021లో 9,200 కోట్లు, 2022-23లో 9,300 కోట్లు. 2025 సెప్టెంబర్ 11న ప్రకటించింది వీటన్నిటికన్నా పెద్దది, 18,000 కోట్లు. అప్పటి మార్కెట్ ధర మీద దాదాపు 19 శాతం ఎక్కువగా, షేరుకు 1,800 రూపాయలు. అన్నీ కలిపితే 57,760 కోట్లు. ఇందులో డివిడెండ్లు కలపలేదు. టీసీఎస్ 2017, 2023 మధ్య ఐదు విడతల్లో చేసిన బైబ్యాక్‌ల మొత్తం 83,000 కోట్లు. విప్రో 2023లో ఒక్క విడతలో 12,000 కోట్లు.

ఇవి అక్రమం అనడం లేదు. చట్టం ఒప్పుకుంటుంది, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలున్నాయి, నాలాంటి చిన్న వాటాదారులకు అందులో 15 శాతం కోటా కూడా ఉంది. నిజానికి నగదు విషయంలో తెలుగువాళ్లం తిన్న దెబ్బ వేరు. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ తన నగదుతో చైర్మన్ కొడుకుల కంపెనీలైన మేటాస్‌లను 160 కోట్ల డాలర్లకు కొంటానంది. వాటాదారులు భగ్గుమంటే గంటల్లోనే వెనక్కి తగ్గింది. మూడు వారాలకు, 2009 జనవరి 7న, అసలు ఆ నగదే లేదని తేలింది. పుస్తకాల్లో చూపించిన దాంట్లో 5,040 కోట్లు ఉత్త అంకెలేనని చైర్మనే ఒప్పుకున్నాడు. అప్పుడు ఆ కంపెనీలో దాదాపు 50 వేల మంది పనిచేస్తున్నారు. మా సీనియర్ విద్యార్థులు అందులో ఎంతమంది ఉన్నారో, వాళ్ల ఇళ్లలో ఆ సంక్రాంతి ఎలా గడిచిందో మాకు తెలుసు. మీ నగదు అలాంటిది కాదు. ఆడిటైన డబ్బు, బ్యాంకుల్లో ఉన్న డబ్బు. నిజంగా ఉంది కాబట్టే ఎలా వాడుతున్నారని అడగగలుగుతున్నాం.

మీ జవాబు కూడా నాకు తెలుసు. నగదు ఊరికే పడి ఉంటే పెట్టుబడి మీద రాబడి తగ్గుతుంది. అది వాటాదారుల సొమ్ము. వాడుకోలేనప్పుడు వాళ్లకు తిరిగి ఇవ్వడమే న్యాయం. 2014లో ఇన్ఫోసిస్‌లో ఒకప్పుడు ఆర్థిక వ్యవహారాల అధిపతులుగా (సీఎఫ్ఓలుగా) చేసిన మోహన్‌దాస్ పాయ్, బాలకృష్ణన్ మరొకరితో కలిసి 11,200 కోట్ల బైబ్యాక్ చేయమని బోర్డుకు ఉత్తరం రాసినప్పుడూ ఇదే వాదన. అందులో నిజం ఉంది. విప్రో వాటాల మీద వచ్చే రాబడిలో పెద్ద భాగం అజీం ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థలకు వెళ్తుందన్నదీ నిజమే. 2025 బైబ్యాక్‌లో ఇన్ఫోసిస్ ప్రమోటర్లు, అంటే వ్యవస్థాపకులు, వాళ్ల కుటుంబాలు, తమ షేర్లు అమ్మబోమని పక్కకు తప్పుకున్నారు, అదీ చెప్పుకోవాలి.

నేను కాదనేది ఒక్కటే, "వాడుకోలేని డబ్బు" అన్న మాట. ఇచ్చిన మాట ఇంకా నిలబెట్టుకోని కంపెనీ దగ్గర వాడుకోలేని డబ్బు ఎలా ఉంటుంది? బాకీలుండగా మిగులు అనరు. ఆఫర్ లెటర్ కూడా బాకీయే. బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కడా కనిపించదు కాబట్టి మీ బోర్డు ముందుకు రావడం లేదంతే.

ఒక ఉదాహరణ. 2022 బ్యాచ్‌లో సుమారు 2,000 మందికి ఇన్ఫోసిస్ ఆఫర్లిచ్చి రెండేళ్ల దాకా తీసుకోలేదని పుణెలోని ఐటీ ఉద్యోగుల సంఘం నైటెస్ 2024లో కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. ఇచ్చిన ప్రతి ఆఫర్‌నూ గౌరవిస్తామని కంపెనీ చెప్పింది, ఆ ఏడాదే పిలుపులు మొదలయ్యాయి. సంతోషం. కానీ ఆ పిల్లలు ఎదురుచూస్తున్న కాలంలోనే, 2022 డిసెంబర్ 7 నుంచి 2023 ఫిబ్రవరి 13 వరకు, 9,300 కోట్ల బైబ్యాక్ జరిగింది. ఆ 2,000 మందికీ నెలకు 30,000 చొప్పున రెండేళ్లు ఊరికే కూర్చోబెట్టి జీతం ఇచ్చినా అయ్యేది 144 కోట్లు. బైబ్యాక్ సొమ్ములో అది 1.6 శాతం కూడా కాదు.

విప్రో సంగతి ఇంకా దగ్గరదగ్గరగా జరిగింది. 2023 ఫిబ్రవరిలో, 6.5 లక్షల ప్యాకేజీ ఒప్పుకుని ఎదురుచూస్తున్న ఫ్రెషర్లను 3.5 లక్షలకు వస్తారా అని అడిగారు. అదే ఏడాది ఏప్రిల్ నెలాఖరులో 12,000 కోట్ల బైబ్యాక్ ప్రకటించారు. రెండు నిర్ణయాలకూ మీ దగ్గర వేర్వేరు కారణాలుండొచ్చు. బయట నుంచి చూసేవాడికి మాత్రం రెండూ ఒకే గల్లాపెట్టెలోంచి వచ్చినట్టే ఉంటాయి.

ఈ ఆలస్యాలు, ఈ జీతాలు, ఈ నిర్ణయాలు మామూలు ఇళ్లలో ఏం చేస్తున్నాయో, నేను చూసినవి వరసగా రాస్తున్నాను.

1. కాలేజీల్లో ఒక రూలుంది: ఒక ఆఫర్ వచ్చిన విద్యార్థి మిగతా కంపెనీల డ్రైవ్‌లకు కూర్చోకూడదు. అవకాశాలు తక్కువ, పిల్లలు ఎక్కువ కాబట్టి అందరికీ ఒక్కో ఉద్యోగమైనా రావాలన్నది ఉద్దేశం. మీకూ అదే సౌకర్యం, ఎంపిక చేసినవాళ్లు జారిపోరు. అంటే ఏడో సెమిస్టర్‌లో మీరు ఆఫర్ ఇచ్చిన రోజే ఆ పిల్లవాడికి మిగతా తలుపులన్నీ మూసుకుంటాయి. తర్వాత మీరు డేట్ ఇవ్వరు. ఏడాది గడుస్తుంది. సరే, బయట వెతుక్కుందామంటే ఆఫ్-క్యాంపస్ డ్రైవ్‌లలో మొదటి గడి "పాసైన సంవత్సరం". చాలా డ్రైవ్‌లు ఆ ఏడాది బ్యాచ్‌కీ, మహా అయితే అంతకు ముందు బ్యాచ్‌కీ పరిమితం. రెజ్యూమె మనిషి కంటపడక ముందే ఫిల్టర్‌లో పోతుంది. గ్యాప్ ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగినా, ఫలానా కంపెనీ ఆఫర్ కోసం ఆగానని చెబితే "అయితే అది రాగానే మమ్మల్ని వదిలి వెళ్తావు కదా" అంటున్నారు. మా కాలేజీ గేటు పక్కన, ఎంపికైన విద్యార్థుల ఫొటోలు, కంపెనీ లోగోలతో కట్టిన పెద్ద ఫ్లెక్సీ ఒకటుంది. రెండో వరసలో నవ్వుతూ ఉన్న కుర్రాడు ఇప్పుడు భీమవరంలో రొయ్యల మేత కొట్లో బస్తాల లెక్క రాస్తున్నాడు. ఎండకు ఫ్లెక్సీ రంగు వెలిసింది గానీ అతని పేరు కింద ప్యాకేజీ అంకె ఇంకా స్పష్టంగానే కనిపిస్తుంది. కొట్టుకొచ్చిన రైతులు "నీకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందన్నారు కదరా" అని అడుగుతారట. ఇలాంటి పిల్లల్లో కొందరు చివరికి అమీర్‌పేట కన్సల్టెన్సీల చేతిలో పడతారు. లక్షలు తీసుకుని, లేని అనుభవం సర్టిఫికెట్లు సృష్టించి ఇచ్చే దందా అది. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడితే వాళ్లను బ్లాక్‌లిస్టులో పెట్టేది కూడా మీరే.

2. విద్యారుణం. బ్యాంకు కోర్సు కాలానికి పైన మామూలుగా ఒక ఏడాది గడువు ఇస్తుంది. ఆ ఏడాది లోపు ఉద్యోగం రావాలన్నది లెక్క, వాయిదాలు ఆ తర్వాత మొదలవుతాయి. మీ ఆఫర్ లెటర్ చూపిస్తే ఆ గడువు పెరగదు. కుర్రాడికి జీతం లేదు కాబట్టి మొదటి నెలలు తండ్రి కడతాడు, తర్వాత కట్టలేడు. అప్పులో తండ్రి సహ రుణగ్రహీత, కాబట్టి కిస్తీ తప్పితే పడిపోయేది ఇద్దరి సిబిల్ స్కోరూ, అంటే అప్పు ఇచ్చే ముందు బ్యాంకులు చూసే మార్కు. కొడుకు ఉద్యోగం ఆలస్యమైన పాపానికి తండ్రికి పంట అప్పు దగ్గరో, ట్రాక్టర్ లోను దగ్గరో అడ్డం పడుతుంది. ఇక మిగిలేది తల్లి మెడలోని బంగారం. ముత్తూట్‌లోనో సొసైటీలోనో తాకట్టు. మీ త్రైమాసిక ఫలితాల ప్రకటనలో డిమాండ్ వాతావరణం అనిశ్చితంగా ఉందని ఒక వాక్యం ఉంటుంది చూడండి, మా దగ్గర దాని రూపం ఇది.

3. ఆడపిల్లల విషయం విడిగా రాయాలి. చాలా ఇళ్లలో ఇంజనీరింగ్ అయ్యాక వాళ్లకు దొరికేది ఒక చిన్న గడువు. ఉద్యోగంలో చేరిందా, పెళ్లి మాట రెండు మూడేళ్లు వాయిదా. ఆఫర్ ఉందంటే ఇంట్లో కొన్ని నెలలు ఆగుతారు. తర్వాత సంబంధాలు రావడం మొదలవుతుంది, "వచ్చినప్పుడు చూద్దాంలే, ఉద్యోగం పెళ్లయ్యాక కూడా చేసుకోవచ్చు" అంటారు. అలా పెళ్లయిపోయాక జాయినింగ్ మెయిల్ వచ్చిన అమ్మాయి నాకు తెలుసు. శిక్షణ వేరే రాష్ట్రంలో, నెలల తరబడి. అత్తవారింట్లో ఒప్పుకోలేదు. ఆ పిల్ల మా బ్యాచ్‌లో కోడింగ్‌లో మొదటి వరస. మీ రికార్డుల్లో మాత్రం "ఆఫర్ ఇచ్చాం, అభ్యర్థి చేరలేదు" అని ఉంటుంది.

4. జీతం. 2010 ప్రాంతంలో మా పిల్లలకు మీరిచ్చిన ప్యాకేజీ మూడు లక్షల చిల్లర. ఇప్పుడు మూడున్నర లక్షల చుట్టుపక్కల. కోతలు పోను చేతికి వచ్చేది నెలకు పాతిక వేల పైచిలుకు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో హాస్టల్, తిండి, బస్సు, ఇంటికి పంపాల్సినవి, లోను కిస్తీ తీసేస్తే నెలాఖరుకు ఫోన్‌పేలో అక్కనో బావనో అడగాల్సిందే. పదిహేనేళ్లలో హైదరాబాద్‌లో ఇళ్ల అద్దెలు ఎంత పెరిగాయో మీ సొంత ఉద్యోగులను అడిగితే చెబుతారు. ఒక లెక్క వేసి చూశాను. ఏడాదికి 20,000 మంది ఫ్రెషర్లను తీసుకునే కంపెనీ వాళ్ల జీతాన్ని 3.6 లక్షల నుంచి 5 లక్షలకు పెంచితే మొదటి ఏడాది అదనపు భారం 280 కోట్లు. కింద పెంచితే పైవాళ్లకూ పెంచాలి కదా అంటారు, నిజమే. అంతకు మూడు నాలుగింతలు, అంటే 1,000 కోట్లనే అనుకుందాం. పాతిక వేల కోట్ల పైన లాభం వచ్చే చోట అది మోయలేని బరువా? సీఈఓల జీతాల జోలికి నేను వెళ్లను, అది వేరే పంచాయితీ.

5. నలభై దాటినవాళ్లు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే 12,000 మందికి పైగా, తగ్గిస్తామంది. ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్లు. వీళ్లలో మా పాత విద్యార్థులు కూడా ఉంటారు: నల్లగండ్లలోనో పోచారంలోనో ఇరవై ఏళ్ల లోనుతో ఫ్లాటు, స్కూలు ఫీజులు, ఊళ్లో పెద్దవాళ్ల మందుల ఖర్చు. కొత్త నైపుణ్యాలకు వాళ్లు సరిపోవడం లేదని చెబుతారు. ఆ నైపుణ్యాలు నేర్పడానికి ఏడాది సమయం, ఏడాది జీతం పెట్టలేని పరిస్థితా మీది?

6. భూమి. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలను టీసీఎస్‌కి 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి ఒప్పుకుంది. పెట్టుబడి 1,370 కోట్లు, ఉద్యోగాలు 12,000 అన్నారు. మూడు నెలలకే కంపెనీ తగ్గిస్తామన్న ఉద్యోగాల సంఖ్య కూడా ఇంచుమించు అంతే. కాకతాళీయమే అయ్యుండొచ్చు. కాగ్నిజెంట్‌కి కూడా అదే విశాఖలో, కాపులుప్పాడ దగ్గర, 99 పైసల లెక్కనే భూమి ఇచ్చారు. విశాఖకు కంపెనీలు రావాలని మేమూ కోరుకుంటాం, మా పిల్లలు హైదరాబాద్, బెంగళూరు పోకుండా దగ్గర్లో ఉంటారు. కానీ ఆరేడేళ్లలో 83,000 కోట్లు వాటాదారులకు తిరిగిచ్చిన కంపెనీకి సముద్రం కనిపించే 21 ఎకరాలు కొనుక్కునే స్తోమత లేదని ఎవరూ అనలేరు. ఆ భూమి రాయితీ మా అందరి సొమ్ము. దానికి బదులుగా వచ్చేవి కచ్చితంగా ఉద్యోగాలేనని, ఎంతమంది, ఏ ఏడాదిలో, ఏ జీతానికి అని, కాగితం మీద ఉండాలి కదా.

నిల్వ డబ్బు కష్టకాలానికి అక్కరకొస్తుందన్నది కూడా చూడాలి. ఇన్ఫోసిస్ 18,000 కోట్ల బైబ్యాక్ ప్రకటించిన ఎనిమిది రోజులకు, సెప్టెంబర్ 19న, అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే హెచ్-1బీ వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఆ శనివారం మా దగ్గర ఎన్ని ఇళ్లలో టెన్షన్‌తో నిద్రపోలేదో! ఇలాంటివి చెప్పి రావు. ఏఐ సంగతి సరేసరి. చేసే పనే మారిపోతోందని మీరే అంటున్నారు. పని మారుతున్న కాలంలో మనుషుల మీద ఖర్చు పెట్టాల్సిన డబ్బును ఐదేళ్లకు ముందుగానే 85 శాతం ఇంకొకరికి రాసిచ్చేయడం నాకు తెలిసిన ఏ రైతూ చేయడు, విత్తనాలకు తీసిపెట్టాకే మిగతాది అమ్ముతాడు.

సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) చేస్తున్నామని చెప్పకండి, దయచేసి. లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టమన్నది 2013 కంపెనీల చట్టం. అది మీరు కట్టే పన్ను లాంటిదే. స్కూళ్లలో కట్టించే మరుగుదొడ్లకు, ఆసుపత్రులకు ఇచ్చే పరికరాలకు మేమంతా రుణపడి ఉంటాం. ఆఫర్ లెటర్ మాత్రం దానధర్మం కింద రాదు.

ఇక మేం అడుగుతున్నవి.

మొదటిదీ ముఖ్యమైనదీ: ఆరు నెలలు దాటిన ఆఫర్ లెటర్ ఒక్కటి పెండింగ్‌లో ఉన్నా ఆ కంపెనీ బోర్డు బైబ్యాక్ ప్రతిపాదన మీద సంతకం పెట్టకూడదు. దీన్ని మీ నగదు పంపిణీ విధానంలోనే రాసుకోండి. 85 శాతం అని రాసుకోగలిగినవాళ్లకు ఈ ఒక్క వాక్యం కష్టం కాదు. పెండింగ్ ఆఫర్ల సంఖ్యను మూడు నెలలకోసారి ఫలితాలతో పాటే ప్రకటించండి. ఎంతమంది ఉద్యోగం మానేశారన్న శాతం ఇప్పటికే చెబుతున్నారు కదా, ఎంతమంది చేరడానికి కాచుకుని ఉన్నారో కూడా చెప్పండి.

రెండు: ఆఫర్‌లో చెప్పిన గడువు దాటిన మర్నాటి నుంచి జాయినింగ్ దాకా సగం జీతం భృతిగా ఇవ్వండి. ఏడాది లోపు మానేస్తే ఇంత కట్టాలని పిల్లల చేత బాండు రాయించుకునే కంపెనీలున్నాయి. మాట తప్పితే కట్టాలన్న నియమం రెండు వైపులా ఉండాలి. మీరు తీసుకోలేమనుకుంటే ఆ సంగతి వెంటనే, ఆ బ్యాచ్ వయసు దాటకముందే చెప్పేయండి. పిల్లల్ని వదిలేసినందుకు పడే తిట్లకన్నా నానబెట్టినందుకు పడే ఉసురు ఎక్కువ.

మూడు: ఫ్రెషర్ జీతానికి కనీసం 5 లక్షలు, ఆపైన ఏటా ధరల పెరుగుదలను బట్టి పెంపు.

నాలుగు: శిక్షణలో పరీక్ష తప్పినవాళ్లను సాయంత్రానికల్లా క్యాంపస్ ఖాళీ చేయమనడం ఆపండి. 2025 ఫిబ్రవరిలో మైసూరు క్యాంపస్ నుంచి మూడు వందల పైచిలుకు ట్రైనీలను ఇన్ఫోసిస్ పంపేసినప్పుడు కేంద్ర కార్మిక శాఖ కర్ణాటక కార్మిక శాఖను విచారించమనాల్సి వచ్చింది. మూడు అవకాశాలిచ్చామని కంపెనీ చెప్పింది. రెండేళ్లు ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లవాడు చదివింది మర్చిపోతే తప్పు పూర్తిగా అతనిది కాదు. అలాంటివాళ్లకు ఇంకో ఆరు నెలల శిక్షణ మీ నిల్వలోంచే ఇవ్వండి. నలభై దాటినవాళ్ల పునఃశిక్షణకు కూడా ఇదే నిధి.

ఐదు: రాయితీ భూమి తీసుకున్న ప్రతిచోటా, ఆ క్యాంపస్ రిజిస్టర్‌లో ఉన్న ఉద్యోగుల సంఖ్యను, వాళ్లలో స్థానికుల సంఖ్యను ఏటా బహిరంగంగా పెట్టండి. చెప్పిన సంఖ్య రాకపోతే భూమికి మార్కెట్ ధర కట్టండి. ఈ షరతును ఒప్పందంలో పెట్టాల్సిన బాధ్యత రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలది కూడా, కాబట్టి వాళ్లకూ ఈ లేఖ ప్రతి పంపుతున్నాను.

తోటి చిన్న వాటాదారులకు ఒక మాట. బైబ్యాక్‌లో నా దగ్గరున్న కొద్ది షేర్లలో కొన్ని తీసుకుంటే నాకు మిగిలేది ఒక నెల కరెంటు బిల్లుకు సరిపోతుంది. మీలో చాలామందికీ అంతే. మీ ఇంట్లోనూ ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటారు. బైబ్యాక్ మీద ఓటు అడుగుతూ పోస్టల్ బ్యాలెట్ మెయిల్ వచ్చినప్పుడు చూడకుండా "అనుకూలం" నొక్కేయకండి. వార్షిక సమావేశంలో మాట్లాడడానికి పేరివ్వండి. నా ఒక్కడి వంతు దాటేసినంత తేలిగ్గా పదిమంది వంతు దాటేయలేరు.

బోర్డులకు చివరిగా: ఏప్రిల్‌లో మీ వార్షిక ఫలితాల సమావేశాలు జరుగుతాయి. తుది డివిడెండ్ సిఫారసు అక్కడే తేలుతుంది. ఆ అజెండాలో పెండింగ్ ఆఫర్ లెటర్ల సంఖ్యను ఒక అంశంగా పెట్టండి. జూన్, జులైల్లో జరిగే వార్షిక సమావేశాల్లోపు జవాబు ఆశిస్తున్నాను. జవాబు నాకు రాయనక్కర్లేదు, ఎదురుచూస్తున్న పిల్లలకు రాస్తే చాలు, వాళ్ల మెయిల్ ఐడీలు మీ దగ్గరున్నాయి.

పేరు ఎందుకు రాయలేదంటే, వచ్చే సీజన్‌లో మీరు మళ్లీ మా కాలేజీకి డ్రైవ్‌కి రావాలి.

ఇట్లు,
ఒక ప్లేస్‌మెంట్ అధికారి,
పశ్చిమ గోదావరి జిల్లా